రంగుమందుకు ముందు

ఆయేషా ల్యాబు తలుపు తీసేసరికి తిమ్మరాజు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ధర్మవరం నుంచి పొద్దున్నే బయల్దేరే ప్యాసింజరులో పెనుకొండలో దిగి, ఆటోలో ఆస్పత్రి వీధికి వచ్చాడు. పక్కన భార్య రంగనాయకమ్మ, ఒళ్లో టిఫిను క్యారియరు పెట్టుకుని కూర్చుంది.

"ఏం చిన్నాయనా, ఒక మాట చెప్పి పంపింటే నేనే వస్తాంటి గదా" అంది ఆయేషా.

"నీకి ఎన్నో పన్లుంటాయి పాపా. ఇది నా పని. నేనే రావల్ల" అన్నాడు తిమ్మరాజు. మోకాళ్ల మీద చేతులు ఆనించి, గోడ పట్టుకుని లేచాడు.

తిమ్మరాజు పట్టుదారానికి రంగులద్దే మనిషి. ముప్పై ఐదేళ్లుగా అదే పని. నేతగాళ్లు ఒక గుడ్డపీలిక తెచ్చి ఇదే రంగు కావాలంటే, మరిగే బానలో చిటికెడు చిటికెడుగా రంగుపొడి వేస్తూ, దారపు కట్టలను కర్రతో తిప్పుతూ అచ్చం అదే రంగు తీసేవాడు. తడి మీద చూసి, ఆరాక రంగు ఎట్లా తేలుతుందో ముందే చెప్పగలిగినవాళ్లు ధర్మవరంలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లలో ఆయన ఒకడు. ఆయేషా నాయన ఖాజాసాబ్ పాతికేళ్లు ఆయన దగ్గరే పనిచేశాడు. పొయ్యిలు ఎగదోయడం, తడి దారం పిండడం, దండేల మీద ఆరేయడం అన్నీ ఖాజాసాబే. ఒకరు పనిలో పెట్టుకున్నవాడు, ఒకరు పనివాడు అని చూసేవాళ్లకు తెలిసేది కాదు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని తినేవాళ్లు.

ఆయేషా ఇంటర్ పాసవగానే పెళ్లి చేసేద్దామని ఖాజాసాబ్ అనుకుంటున్నప్పుడు అడ్డుపడినవాడు తిమ్మరాజే. "ఈ పిల్లకు కన్ను నిలకడగా ఉండాదప్పా. చదివించు" అని పట్టుబట్టి, తనే వెంట వెళ్లి అనంతపురంలో ల్యాబు కోర్సులో చేర్పించి వచ్చాడు. ఆ తర్వాత పెళ్లయింది. ఆర్టీసీలో కండక్టరుగా చేసే జాకీర్‌తో పెనుకొండ వచ్చి, ఈ చిన్న ల్యాబు పెట్టుకుని ఆరేళ్లయింది.

తిమ్మరాజు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. పోయిన ఆదివారం హిందూపురం హైస్కూల్లో గుండె జబ్బుల క్యాంపు పెట్టారు. బెంగళూరు నుంచి ఒక ట్రస్టు ఆస్పత్రి డాక్టర్లు వచ్చి చూశారు. తిమ్మరాజుకు నాలుగు నెలలుగా పది అడుగులు గట్టిగా వేస్తే ఛాతీ పట్టేస్తోంది, ఎడమ చెయ్యి లాగేస్తోంది. షుగరు పదమూడేళ్ల నుంచీ ఉంది. గుండె రక్తనాళాల్లోకి రంగుమందు ఎక్కించి ఎక్కడ అడ్డముందో చూడాలని, ఏంజియోగ్రామ్ తామే ఉచితంగా చేస్తామని ఆ డాక్టర్లు రాసిచ్చారు. కాగితం అడుగున మాత్రం ఒక షరతు ఉంది. షుగరు ఉన్నవాళ్లు క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని రావాలి. అది ఒకటిన్నర దాటితే ఈ విడతలో చేర్చుకోరు.

"ఈ క్రియా ఏందో, దాని కత ఏందో నాకి తెలీదు. నువ్వు చూసి రాసిస్తే చాలు" అన్నాడు.

ఆయేషా రక్తం తీసింది. ఒంట్లో కండలు పనిచేస్తుంటే పుట్టే చెత్తలో ఇదొకటని, కిడ్నీలు దాన్ని మూత్రంలోకి తోసేస్తాయని, రక్తంలో అది పెరిగిందంటే కిడ్నీలు నెమ్మదించినట్టని సూది తీస్తూ చెప్పింది. రంగనాయకమ్మ తల ఊపింది. తిమ్మరాజు బల్ల మీది సీసాలనే చూస్తున్నాడు.

గంట తర్వాత ఆయేషా రంగు ముదురును కొలిచే కలరీమీటరు ముల్లును రెండుసార్లు చూసింది. మళ్లీ కొత్తగా మందు కలిపి మూడోసారి చేసింది. ఒకటి పాయింట్ తొమ్మిది.

ఆ అంకె చెప్పగానే రంగనాయకమ్మే ముందు మాట్లాడింది.

"ఒకటిన్నరకూ దీనికీ ఎంత తేడా ఉంటాదిలే ఆయేషా. నీ చేతిలో పనే గదా. ఒకటి పాయింట్ నాలుగని రాయి."

"అట్ల రాయకూడదు చిన్నమ్మా."

"ఎవురు చూస్తారమ్మే? ఈ విడత తప్పితే మళ్లా ఎప్పుడు పిలుస్తారో. రోజూ మెట్లు ఎక్కుతా యా మెట్టు మీద పడతాడో అని నేను చూస్తా కూర్చోవల్లనా?"

తిమ్మరాజు భార్య వైపు చెయ్యి చూపించి ఆగమన్నాడు. తర్వాత తనే, గొంతు తగ్గించి, "రాయి పాపా. నేను అడుగుతాండా" అన్నాడు.

ఆయన ఎప్పుడూ ఆమెను ఏదీ అడగలేదు. ఆ మాట ఆయేషాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆమె కలం బల్ల మీద పెట్టేసింది. తర్వాత లేచి, స్టాండులోంచి మూడు గాజు గొట్టాలు తీసి కిటికీ దగ్గరికి తెచ్చింది. వాటి మీద పేర్లున్న చీటీలను వేళ్లతో మూసి పట్టుకుంది.

"చిన్నాయనా, ఇట్ల రా. వీటిల్లో మందు ఒకటే, కొలత ఒకటే. రక్తమే వేరే. ఏది ముదురుగా ఉండాదో నువ్వే చెప్పు."

తిమ్మరాజు వెలుతురు వైపు తిరిగి, కళ్లు చిట్లించి చూశాడు. మొదటిది పసుపు. రెండోది దానికంటే కొంచెం నారింజ. మూడోది పండిన నారింజ. మూడో గొట్టం మీద వేలు పెట్టాడు.

"ఇది రెండో దానికి రెట్టింపు ముదిరింది. దీంట్లో అనుమానమేమీ లేదు."

ఆయేషా వేళ్లు తీసింది. మొదటిది రక్తం కలపని ఉత్త మందు. రెండోది నల్లచెరువు నుంచి వచ్చిన ఒక పంతులమ్మది, ఏ లోపమూ లేనిది. మూడోది ఆయనది.

తిమ్మరాజు ఆ గొట్టాన్ని తీసుకుని వెలుతురులో ఇంకోసారి తిప్పి చూశాడు. ఇంకొకరెవరైనా అయితే మిషను తప్పు చూపించి ఉంటుందని అనుకునేవాళ్లు. రంగు విషయంలో తన కంటిని తనే కాదనుకోలేడు ఆయన.

"సరేలే" అని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ఉండేదే రాయి."

ఆ రోజు ఆమె అంత గట్టిగా నిలబడడానికి కారణం ల్యాబు నియమం ఒక్కటే కాదు. ఏడేళ్ల కిందట, తొంభై ఆరులో, ఖాజాసాబ్‌కు కిడ్నీలో రాయి ఉందన్న అనుమానంతో పట్నంలో ఒక ఆస్పత్రిలో రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలు తీశారు. ఆయనకూ షుగరే. ఎక్స్‌రే అయిన మూడో రోజుకు మూత్రం ఆగిపోయింది. కాళ్లు, మొహం ఉబ్బాయి. తొమ్మిది వారాలు ఆస్పత్రుల చుట్టూ తిరిగాక చనిపోయాడు. ఆ తొమ్మిది వారాలూ తిమ్మరాజు బానలు ఆర్పేసి ఆయన మంచం పక్కనే ఉన్నాడు. ఆయేషా అప్పటికే అనంతపురంలో ఒక ల్యాబులో పనిచేస్తోంది. రోజుకు ఇరవైమంది క్రియాటినిన్ చూస్తూ, ఎక్స్‌రేకు ముందు నాయన రక్తం ఒక్కసారి చూడలేదు. ఎవరూ చూడమనలేదు. ఆమెకూ తోచలేదు. ఆ సంగతి ఆమె జాకీర్‌తో కూడా ఎన్నడూ అనలేదు.

తిమ్మరాజుకు చెప్పాల్సింది ఇంకా ఉంది. గుండెకు చేసేదీ అలాంటి రంగుమందుతోనే.

"మీ నాయనకు అయినట్ల నాకీ అవుతుందనా?" అని ఆయనే అడిగాడు.

"అయ్యేది కాకపోయేది నేను చెప్పలేను. కిడ్నీలు ముందే నెమ్మదిగా ఉండి, షుగరు కూడా ఉంటే దెబ్బ తగిలేది ఎక్కువ. చెయ్యకుండా ఉంటే గుండె ఊరుకోదు. హిందూపురంలో అమర్‌నాథ్ డాక్టరు దగ్గరికి పోదాం. ఇప్పుడే పోదాం."

బయల్దేరేముందు ఆమె ఆయన వేసుకుంటున్న మాత్రలన్నీ చూపించమంది. రంగనాయకమ్మ సంచిలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసింది. షుగరు మాత్రలు, బీపీ మాత్ర, క్యాంపులో ఇచ్చినవి. వాటి కింద పేరు చెరిగిపోయిన వెండిరేకు ముక్కలు నాలుగైదు ఉన్నాయి.

"ఇవేంటివి?"

"మోకాళ్ల నొప్పికి" అన్నాడు తిమ్మరాజు. "బాన కాడ పొద్దుగూకులూ నిలబడి నిలబడి మోకాళ్లు పనిచెయ్యవు. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చినాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి."

"ఎన్నాళ్లనుంచి?"

"మూడేండ్లు అయ్యుంటాది."

ఆయేషా ఆ రేకులను వేరే కాగితంలో చుట్టి తన సంచిలో వేసుకుంది.

అమర్‌నాథ్‌ది హిందూపురంలో పెద్దగా బోర్డు కూడా లేని క్లినిక్కు. యాభై దాటిన మనిషి. పేషెంట్లు వెళ్లిపోయాక కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని పత్రికలు చదువుకునే అలవాటు ఆయనకుంది. ఆయేషా పంపే రిపోర్టులంటే ఆయనకు నమ్మకం. ఆ రోజు ఆమె తెచ్చిన మాత్రల రేకులు చూసి ముందుగా వాటినే పక్కన పెట్టాడు.

"ఇవి ఈ క్షణం నుంచి మానెయ్యాలి. నొప్పికి వేరేది రాస్తాను. కిడ్నీని సగం మందగించేలా చేసింది ఇవే అయ్యుండొచ్చు. రెండు వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేద్దాం. ఏంజియోగ్రామ్ తప్పదు, కానీ తయారై పోదాం."

తయారవడమంటే ఏమిటో ఆయన ఓపిగ్గా చెప్పాడు. షుగరు మాత్రల్లో ఒకటి పరీక్షకు రెండు రోజుల ముందు ఆపాలి, అయ్యాక కిడ్నీ బాగుందని తేలేవరకు మొదలుపెట్టకూడదు. ముందురోజు నుంచీ సెలైన్ నెమ్మదిగా ఎక్కించాలి. గుండె జబ్బు కాబట్టి మరీ ఎక్కువా పనికిరాదు. రంగుమందు ఎంత తక్కువతో పనవుతుందో అంతే వాడమని అడగాలి. చివరగా సొరుగులోంచి ఒక పత్రిక తీశాడు.

"మూడేళ్ల కిందట ఇది చదివాను. ఎన్-అసిటైల్ సిస్టీన్ అని ఒక మందుంది. ఛాతీలో కఫం పలచబడటానికి ఇచ్చేది. దాన్ని పరీక్షకు ముందురోజు రెండుసార్లు, ఆ రోజు రెండుసార్లు ఇస్తే కిడ్నీలకు దెబ్బ తగ్గిందని రాశారు."

రంగనాయకమ్మ అనుమానంగా చూసింది. "కఫం మందుకీ కిడ్నీకీ ఏం సంబంధం సార్?"

అమర్‌నాథ్ నవ్వాడు. "రంగుమందు వెళ్లినప్పుడు కిడ్నీలో సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయమ్మా. లోపలి భాగానికి గాలి, రక్తం చాలవు. అప్పుడు అక్కడ నిలకడలేని ఆక్సిజన్ కణాలు పుడతాయి. అవి పక్కనున్న దేన్నైనా కాల్చేస్తాయి. కిడ్నీలో వడపోసే సన్నటి గొట్టాలుంటాయే, వాటి గోడలను కూడా. ఈ మందు ఆ కణాలను పట్టుకుని చల్లారుస్తుంది. యాంటీఆక్సిడెంట్ అంటారు దీన్ని."

తిమ్మరాజు ముందుకు వంగాడు. "సార్, మేం దారం తెల్లగా కావల్లని పెరాక్సైడ్‌లో ముంచుతాం. దాన్ని ఆడనే వదిలేస్తే మురికిని తిన్నాక దారాన్నే తింటాది. పుటుక్కుమని తెగిపోతాది. అందుకని పని అయిపోయినాక దాన్ని చంపేదానికి ఇంకో మందేస్తాం. అట్లాంటిదేనా?"

"దాదాపు అట్లాంటిదే" అన్నాడు అమర్‌నాథ్. ఆయన మొహంలో ఆశ్చర్యం కనిపించింది. "ఒక మాట మాత్రం చెప్పాలి. ఇది పనిచేస్తుందని నేను రాసివ్వలేను. కొన్ని చోట్ల పనిచేసిందన్నారు, కొన్ని చోట్ల లేదన్నారు. హాని పెద్దగా లేదు కాబట్టి ఇద్దామంటున్నాను."

ఆయేషా అప్పుడు అడిగింది. "ఏడేళ్ల కిందట ఈ మందుండేదా సార్?"

"మందు ఎప్పటినుంచో ఉంది. దీనికి పనికొస్తుందేమోనని అప్పటికి ఎవరికీ తెలియదు."

ఆ మాట విన్నాక ఆమెలో ఎన్నాళ్లుగానో బిగుసుకుని ఉన్నదేదో కొంచెం వదులైంది. నాయనను కాపాడగలిగింది ఏదైనా ఉండి ఉంటే అది అప్పటికి లోకానికే తెలియదు. తెలియనిదానికి ఎవరిని తప్పుపట్టాలి? తిరుగు ప్రయాణంలో రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఆ మాటనే పదే పదే తలుచుకుంది.

రెండు వారాల తర్వాత తిమ్మరాజు క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఆరుకు దిగింది. నొప్పి మాత్రలు మానినందుకే అంత తేడా. అయినా షరతుకు ఇంకా పైనే ఉంది. అమర్‌నాథ్ రెండు రిపోర్టులనూ జతచేసి, జరిగినదంతా రాసి, ఏయే జాగ్రత్తలు కావాలో వివరిస్తూ ట్రస్టు ఆస్పత్రికి ఉత్తరం పంపాడు. నాలుగు రోజులకు అక్కడి గుండె డాక్టరు తనే ఫోను చేశాడు. "నిజం అంకె పంపినందుకు సంతోషం. ఒకటి పాయింట్ రెండని రాసుకొచ్చి ఆ తర్వాత నా చేతిలో కిడ్నీలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఒకరోజు ముందుగా తీసుకురండి, చేర్చుకుంటాను" అన్నాడట. అమర్‌నాథ్ ఆ మాట ఆయేషాకు చెప్పాడు. ఆమె రంగనాయకమ్మకు చెప్పలేదు.

మందు మాత్రం హిందూపురంలోనూ దొరకలేదు, ధర్మవరంలోనూ దొరకలేదు. జాకీర్ బెంగళూరు బస్సులో డ్యూటీ పడ్డ రోజున తెచ్చాడు. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే పెద్ద బిళ్లలు. తిమ్మరాజు బయల్దేరే రోజు పొద్దున ఆయేషా ధర్మవరం వెళ్లి, ఇంట్లోనే మొదటి బిళ్ల కలిపి ఇచ్చింది. గ్లాసు మూతి దగ్గరికి రాగానే రంగనాయకమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది.

"గుడ్డు మురిగిపోయిన వాసన. మందా ఇది?"

"మా బానల కాడ ఇంతకన్నా గబ్బు" అని తిమ్మరాజు గటగటా తాగేశాడు.

బెంగళూరులో రాత్రంతా సెలైన్ ఎక్కించి, మరునాడు పొద్దున పరీక్ష చేశారు. ఒక నాళంలో పెద్ద అడ్డు కనిపించింది. అక్కడికక్కడే బెలూనుతో వెడల్పు చేసి స్టెంటు పెట్టారు. డాక్టరు మాట నిలబెట్టుకున్నాడు; మామూలుగా వాడే రంగుమందులో సగమే వాడాడు. మర్నాడు ఇంటికి పంపించారు. అక్కడి నుంచి ఆయేషా పని మొదలైంది. రోజూ పొద్దున పెనుకొండ నుంచి రైల్లో ధర్మవరం వెళ్లి, రక్తం తీసుకుని, మళ్లీ వచ్చి ల్యాబులో చూడాలి.

రెండో రోజు రెండు పాయింట్ సున్నా వచ్చింది. కొంచెం పెరుగుతుందని అమర్‌నాథ్ ముందే చెప్పి ఉన్నాడు. మూడో రోజు రెండు పాయింట్ నాలుగు.

ఆ మూడో రోజు అంకెను ఆయేషా ఇంకోసారి చేసి చూసుకుంది. నాయనకు మూత్రం ఆగిపోయింది మూడో రోజే. ఫోను దగ్గరికి వెళ్లి అమర్‌నాథ్‌కు చెప్పింది.

"అంకెను ఒక్కదాన్నే చూసి భయపడొద్దు" అన్నాడాయన. "మూత్రం ఎంత వస్తోంది? అది చెప్పు ముందు."

ఆమెకు తెలియదు. ధర్మవరంలో పక్కింటి ఫోనుకు చేసి రంగనాయకమ్మను పిలిపించింది.

"నేను కొలుస్తాండాలే" అంది రంగనాయకమ్మ. "డాక్టరు కాగితంలో రాసినాడని లీటరు బాటిలు పెట్టినా. నిన్న పొద్దున్నుంచి ఈ పొద్దుకు ఒకటి నిండి, రెండోది సగమయింది. ఏం, తక్కువనా?"

"తక్కువ కాదు చిన్నమ్మా. తక్కువ కాదు" అంది ఆయేషా. ఫోను పెట్టేసి, మళ్లీ తీసి అమర్‌నాథ్‌కు ఆ లెక్క చెప్పింది.

ఐదో రోజుకు రెండు పాయింట్ ఒకటి. ఎనిమిదో రోజుకు ఒకటి పాయింట్ ఏడు. నెల తిరిగేసరికి ఒకటి పాయింట్ ఆరు దగ్గర నిలిచింది. తిమ్మరాజు వీధి చివరిదాకా నడిచి వచ్చి, ఛాతీ పట్టలేదని చెప్పాడు. రంగనాయకమ్మ కఫం మందు గురించి వీధంతా చెప్పింది. షుగరు ఉన్నవాళ్లు ఏ పరీక్షకు పోవాలన్నా ఆ గబ్బు మందు తాగి పోవాలని ఆమె సలహా. ఆయేషా ఆమెను ఆపలేదు. తనకూ ఆ మందంటే గురి కుదిరింది. ల్యాబుకు ఎవరైనా స్కానింగు చీటీతో వస్తే షుగరుందా అని అడిగి, క్రియాటినిన్ చూసి, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపేది. పంపేటప్పుడు ఆ మందు పేరు కూడా ఒక చీటీ మీద రాసిచ్చేది.

ఐదేళ్లు గడిచాయి. రెండువేల ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం ఆయేషా ఏదో రిపోర్టు పనిమీద హిందూపురం వెళ్లినప్పుడు అమర్‌నాథ్ ఆమెను కూర్చోబెట్టాడు.

"నువ్వు రాసిస్తున్న ఆ చీటీ గురించి చెప్పాలమ్మా. ఈ మధ్య వస్తున్నవి చదువుతున్నాను. పెద్ద సంఖ్యలో మనుషుల మీద చేసి చూస్తే ఆ మందు వల్ల తేడా పెద్దగా కనిపించడం లేదంటున్నారు. కొందరేమో, మందు అంకెను మాత్రమే తగ్గిస్తుందేమో, కిడ్నీని కాపాడడం లేదేమోనని కూడా అనుమానపడుతున్నారు. తేలడానికి ఇంకా టైం పడుతుంది."

"మరి మా చిన్నాయనకు?"

"నీళ్లు పనిచేశాయి. నొప్పి మాత్రలు మానడం పనిచేసింది. తక్కువ రంగుమందు వాడారు. ముందుగా పరీక్ష చేశావు. వాటి మీద మాత్రం ఎవరికీ పెద్దగా తగాదా లేదు. మందు కూడా కొంచెం సాయం చేసిందో లేదో, ఆయన ఒక్కడిని చూసి నేను చెప్పలేను. నిజంగా తెలియదు."

ఆయేషా బయటికి వచ్చింది. రైలు ఎక్కాక పెనుకొండలో దిగాల్సింది, దిగలేదు. టికెట్టు లేకుండానే ధర్మవరందాకా కూర్చుంది. ఆమె మనసులో ఒకటే లెక్క నడుస్తోంది. మందు కాదంటే, మిగిలినవన్నీ తొంభై ఆరులోనూ ఉన్నవే. రక్తపరీక్ష ఉంది. సెలైన్ ఉంది. మంచినీళ్లు ఉన్నాయి. ఏవీ ఇంకా కనిపెట్టాల్సినవి కావు.

తిమ్మరాజు ఇంట్లోనే ఉన్నాడు. బానల పని మానేసి రెండేళ్లయింది. వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె మొహం చూడగానే ఏమైందని అడిగాడు. డాక్టరు చెప్పింది చెప్పిందామె.

ఆయన ముక్కు చిట్లించాడు. "అంత గబ్బు తాగింది ఉత్తదేనా అయితే?"

"ఏమో చిన్నాయనా. తెలీదంట."

"పోనీలే. నేను బతికినా గదా. దానికేల నువ్వు ఇంత ఇదవుతాండావు?"

అప్పుడామె చెప్పింది. పన్నెండేళ్లుగా ఎవరితోనూ అననిది. తను ల్యాబులోనే పనిచేస్తూ నాయన రక్తం చూడలేదని. మందు అప్పటికి తెలియదు కాబట్టి తప్పు ఎవరిదీ కాదని ఐదేళ్లుగా తనకు తాను చెప్పుకుంటున్నానని. ఇప్పుడు ఆ మాట కూడా మిగల్లేదని.

తిమ్మరాజు ఓదార్చబోతాడని ఆమె అనుకుంది. ఆయన కుర్చీ చేతిని గోటితో గీకుతూ ఉండిపోయాడు.

"నువ్వు నీది చెప్పినావు. నాది కూడా ఒకటుండాది" అన్నాడు చివరికి. "ఎక్స్‌రేకు ముందురోజు మీ నాయన పక్కన ఉన్నింది నేనే గదా. పొద్దున దాకా నీళ్లు తాగకూడదన్నారు ఆస్పత్రిలో. చీకటి పడినాక మూడుసార్లు అడిగినాడు. గొంతెండిపోతాంది రాజా, ఒక గుక్క ఇయ్యి అన్న్యాడు. నేను చెంబు తీసి మంచం కిందికి తోసేస్తిని. పరీచ్చ కానీ, బిందె తాగుదువులే అంటిని. ఇప్పుడు నన్ను ముందురోజు నుంచీ నీళ్లలో ముంచినట్ల సెలైన్ ఎక్కించినారు చూడు, ఆ మంచం మీద పండుకోని అదే తలుచుకుంటి. ఆయప్పకు అడిగింది ఇచ్చింటే బతికేవాడేమో అని."

ఆయేషా నెమ్మదిగా అంది.

"నీళ్లు తాగకూడదని ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితంలో ఇంగ్లీషులో ఉన్నింది. చదివి మీకు చెప్పింది నేను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అప్పట్లో ఆ ఎక్స్‌రేకు అందరికీ అట్లాగే చెప్పేవారని, బొమ్మ స్పష్టంగా పడాలని నీళ్లు ఆపేవారని ఆయేషాకు నాయన పోయాక ఎక్కడో చదివితే తెలిసింది. రాసినవాళ్లు రాశారు, చదివినామె చదివింది, చెంబు తీసినాయన తీశాడు. ముగ్గురూ ఖాజాసాబ్ బాగుపడాలనే చేశారు. ఆ మాట పైకి అంటే ఏదో సర్దిచెప్పినట్టు ఉంటుందని ఆమె అనలేదు. కానీ ఒక్కటే బరువును ఇన్నేళ్లు ఇద్దరూ వేరువేరుగా మోశారన్న సంగతి మాత్రం ఇద్దరికీ తెలిసింది.

"ఆ రోజు ఇంకేం మాట్లాడినాడు మా నాయన?" అని అడిగింది ఆయేషా.

తిమ్మరాజు మొహంలో నెమ్మదిగా ఏదో మారింది. ఖాజాసాబ్ పోయినాక ఆయన చివరి రోజుల గురించి ఆమె అడగడం అదే మొదటిసారి.

"మాట్లాడినాడా? నిద్రపోనిచ్చింటే గదా. పక్క మంచంలో ముదిగుబ్బ గొర్రెల కాపరి ఒకడుండె. ఓబుళప్ప వాని పేరు. ఆయప్పతో పందెం వేసినాడు మీ నాయన..."

రంగనాయకమ్మ లోపలి నుంచి వచ్చి గడప మీద కూర్చుంది. తిమ్మరాజు చెబుతూ పోయాడు. పెనుకొండకు పోయే సాయంత్రం బండి వెళ్లిపోయిన కూత వినిపించింది. ఆయేషా లేవలేదు.